మూడుసార్లు పోయిన గ్రాఫిక్స్ కార్డు – మేము నేర్చుకున్న పాఠం

(హాస్టల్ కంప్యూటర్ కమిటీ విద్యార్థులు)



మన హాస్టల్ స్టడీ రూములో ఒక మూలన ఉన్న నల్లని కంప్యూటర్‌ను మీరందరూ చూసే ఉంటారు. పక్కన గాజు తలుపు, లోపల నీలం దీపాలు ఉన్న ఆ కంప్యూటర్ మన దగ్గర ఇదివరకు చదువుకుని ఉద్యోగంలో స్థిరపడిన ఒక అన్న ఇచ్చినది. ఆయన గేములు ఆడుకోవడానికి కొనుక్కున్న కంప్యూటర్‌ను 2023 జూన్‌లో మన హాస్టల్‌కు ఇచ్చారు. ఆ తరువాత పది నెలల్లో దాంట్లో మూడు గ్రాఫిక్స్ కార్డులు "పోయాయి". డబ్బు పోయింది. ఒక తమ్ముడి మనసు కూడా నొచ్చుకుంది. చివరకు అసలు దోషం కార్డులో లేదని తెలిసింది.

ఈ కథ చెప్పుకుని నవ్వుకోవడానికి మాత్రమే మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఒక యంత్రం పదేపదే చెడిపోతుంటే కారణాన్ని ఎలా వెతకాలో మాకు తెలిసినంతలో వివరించాలనుకుంటున్నాము. రేపు మీ ఇంట్లో మిక్సీ గాని, పొలంలో మోటరు గాని, ఆఫీసులో కంప్యూటర్ గాని చెడిపోతే ఇదే పద్ధతి పనికివస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు అంటే ఏమిటి?

కంప్యూటర్‌లో ప్రాసెసర్ అన్ని పనులూ చేస్తుంది. కాని తెర మీద కనిపించే లక్షలాది చుక్కల రంగును సెకనుకు అరవైసార్లు లెక్కకట్టడం దానికి భారం. అందుకోసం వేరే చిప్, వేరే మెమరీ, వేరే ఫ్యాను ఉన్న ఒక బోర్డును పెడతారు. అదే గ్రాఫిక్స్ కార్డు. 1999లో ఎన్విడియా కంపెనీ తన "జీఫోర్స్ 256" కార్డును జీపీయూ అనే పేరుతో ప్రచారం చేసినప్పటి నుంచి ఆ మాట విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. గేములకే కాదు, వీడియో ఎడిటింగ్‌కు, బొమ్మలకు కదలిక ఇచ్చే "బ్లెండర్" వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇది అవసరం. మన హాస్టల్‌లో యానిమేషన్ నేర్చుకుంటున్న నలుగురికి ఈ ఒక్క కంప్యూటరే ఆధారం. బయట ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలంటే ఫీజు కట్టే స్తోమత మాలో ఎవరికీ లేదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. కంప్యూటర్‌లో అన్నింటికంటే ఎక్కువ కరెంటు తాగేది, ఎక్కువ వేడెక్కేది సాధారణంగా గ్రాఫిక్స్ కార్డే. కరెంటులో గాని గాలిలో గాని ఏ లోపం ఉన్నా ముందుగా కుప్పకూలేది అదే. కనుక చచ్చింది కార్డు అయినంత మాత్రాన తప్పు కార్డుది కానక్కరలేదు.

సమస్య ఎలా మొదలైంది?

మొదటి కార్డు కంప్యూటర్‌తో పాటు వచ్చిన జీటీఎక్స్ 960. 2023 నవంబర్‌లో ఒక సాయంత్రం తెర నల్లబడింది. ఫ్యాను మాత్రం హోరుమని తిరుగుతోంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే వచ్చింది. వారంలో నాలుగుసార్లు అలాగే జరిగింది. చివరకు అసలు రానే లేదు. బజారులో చూపిస్తే "కార్డు కాలిపోయింది, వేరేది వేసుకోండి" అన్నారు.

డిసెంబర్‌లో 68 మంది తలా 100 రూపాయలు వేసుకుని 6,800 రూపాయలు జమ చేశాము. కొందరు సంక్రాంతికి ఊరెళ్లే చార్జీల్లోంచి తీసి ఇచ్చారు. ఆ డబ్బుతో పాత ఆర్ఎక్స్ 580 కార్డు కొన్నాము. అది 2024 ఫిబ్రవరి మొదటి వారంలో కాలిన వాసనతో ఆగిపోయింది. సెకండ్ హ్యాండు సరుకు కాబట్టి దుకాణంలో తిరిగి తీసుకోలేదు.

సంగతి విని కంప్యూటర్ ఇచ్చిన అన్నే తన స్నేహితుడి దగ్గర ఉన్న జీటీఎక్స్ 1060 పంపించారు. అది 19 రోజులు పనిచేసి, మార్చి నెల మధ్యలో మొదటి దానిలాగే తెర నల్లబరచడం మొదలుపెట్టింది.

మేము చేసిన తప్పు

రెండవ కార్డు పోయినప్పుడు మేము యంత్రాన్ని పరీక్షించలేదు, మనిషిని పట్టుకున్నాము. పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదివే ఒక తమ్ముడు రోజూ రాత్రి పదకొండు దాకా ఆ కంప్యూటర్ దగ్గర కూర్చునేవాడు. బ్లెండర్ నేర్చుకుంటున్నానని చెప్పేవాడు. "వీడు రాత్రిళ్లు గేములు ఆడి కార్డు కాల్చేశాడు" అని ఎవరో అన్నారు. మిగిలిన వాళ్లమంతా తల ఊపాము. "మా వంద రూపాయలు ఇచ్చెయ్" అని మెస్సులో అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజు నుంచి అతను స్టడీ రూములో అడుగు పెట్టలేదు. నెల తిరగకముందే హాస్టల్ ఖాళీ చేసి ఊరి నుంచే బస్సులో కాలేజీకి వచ్చిపోతానని వార్డెన్ గారికి అర్జీ రాసుకున్నాడని మాకు తరువాత తెలిసింది. ఆ ఊరు ఒక వైపుకే రెండు గంటల దారి.

మూడవ కార్డు చెడేనాటికి అతను ఆ కంప్యూటర్‌ను ముట్టుకుని ఆరు వారాలైంది. అప్పుడు గాని మాకు అనుమానం రాలేదు. కార్డులు మూడు. వాటిలో రెండు ఒక కంపెనీ చిప్పువి, ఒకటి ఇంకో కంపెనీ చిప్పుది. వాడినవాళ్లు వేరు. చావు మాత్రం ఒక్క తీరుగా ఉంది. మారనిది ఏమిటి? కంప్యూటరు, గది, కరెంటు.

సిగ్గు విడిచి ఆ తమ్ముడి గదికి వెళ్లాము. అతను పెట్టెలోంచి ఒక నోటుబుక్కు తీసి ఇచ్చాడు. తెర నల్లబడిన ప్రతిసారీ తేదీ, సమయం, అప్పుడు ఏం పని జరుగుతోంది అన్నీ రాసి ఉన్నాయి. మొదటి రెండు కార్డులకు కలిపి 23 సార్లు. అందులో 17 సార్లు సాయంత్రం ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్యనే. చాలా చోట్ల పక్కన "బోరు మోటరు వేశారు" అని రాసి ఉంది.

"మా నాయన మోటర్ల మెకానిక్ దగ్గర పనిచేస్తాడు అన్నా. ఒకే రైతు మోటరు మూడోసారి కాలితే వైండింగు కట్టి పంపొద్దు, లైను చూసి రమ్మంటాడు. అప్పుడే చెప్పబోయాను. మీరు వినలేదు" అన్నాడు.

మా దగ్గర సమాధానం లేదు. ఆ మాటే మా పరీక్షకు మొదటి సూత్రమైంది: చచ్చినదాన్ని మార్చడం మరమ్మతు కాదు, చంపుతున్నదాన్ని పట్టుకోవడం మరమ్మతు.

పరీక్ష ఎలా చేశాము?

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే మేడం గారు మాకు దారి చూపారు. ఆమె పెట్టిన షరతులు రెండు. ఒకటి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. రెండు, గోడ ప్లగ్గును ఎలక్ట్రీషియన్ తప్ప ఎవరూ విప్పకూడదు.

*మొదటి మెట్టు – కార్డును వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడడం.* మూడు కార్డులనూ కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లాము. బంగారు రంగు అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి, బ్రష్‌తో దుమ్ము దులిపి, ఒక్కొక్కటే పెట్టాము. ఫలితం చూసి నోట మాట రాలేదు. "కాలిపోయింది" అన్న జీటీఎక్స్ 960 పనిచేసింది! జీటీఎక్స్ 1060 కూడా రెండు గంటలు ఆగకుండా నడిచింది. నిజంగా చచ్చింది ఆర్ఎక్స్ 580 ఒక్కటే. దాని కరెంటు భాగంలో షార్టు అయిందని మేడం మల్టీమీటర్‌తో చూపించారు. ఈ పరీక్ష 2023 నవంబర్‌లోనే చేసి ఉంటే 6,800 రూపాయలు మిగిలేవి.

*రెండవ మెట్టు – కార్డు లేకుండా నడపడం.* మాది ఆరవ తరం ఐ5 ప్రాసెసర్. దానిలోనే చిన్న గ్రాఫిక్స్ చిప్ ఉంది. కార్డు తీసేసి మానిటర్ తీగను మదర్‌బోర్డుకు తగిలించి వారం రోజులు నడిపాము. ఒక్కసారి కూడా ఆగలేదు. అంటే విండోస్, మెమరీ, హార్డ్ డిస్క్ బాగానే ఉన్నాయని నమ్మవచ్చు. బరువు పెరిగినప్పుడే కూలుతోందని అర్థం. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లోపం కావచ్చునేమోనని పాత డ్రైవర్లను పూర్తిగా తుడిచి కొత్తవి వేసి, 1060 కార్డుతో మళ్లీ చూశాము. మూడో రోజు సాయంత్రం తెర మళ్లీ నల్లబడింది. కనుక డ్రైవర్ తప్పు కాదు.

*మూడవ మెట్టు – వేడి.* "జీపీయూ-జెడ్" అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కార్డు వేడిని తెర మీద చూపుతుంది. పని మొదలైన ఆరు నిమిషాల్లో 83 డిగ్రీలకు చేరి అక్కడే నిలిచింది. ఆ తరం కార్డులు 83 దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కేబినెట్ తెరిస్తే ముందు వైపు జాలీకి దుప్పట్ల నూగు దట్టంగా పట్టి ఉంది. పైగా దుమ్ము పడకూడదని మేమే దాన్ని చెక్క అలమరలో పెట్టాము! వెనుక గోడకూ దానికీ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు. వేడి గాలి బయటకు పోక మళ్లీ లోపలికే వస్తోంది. శుభ్రం చేసి, బయట బల్ల మీద జానెడు ఎడం ఉంచి పెట్టాము. వేడి 70కి దిగింది. అయినా సాయంత్రాలు తెర నల్లబడడం పూర్తిగా ఆగలేదు. ఇది కూడా ఒక కారణమే గాని అసలు కారణం కాదు.

*నాలుగవ మెట్టు – ఎస్.ఎం.పి.ఎస్.* గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని కంప్యూటర్‌కు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చే పెట్టె ఇది. గ్రాఫిక్స్ కార్డు ముఖ్యంగా 12 వోల్టుల లైను మీదే బతుకుతుంది. నియమం ప్రకారం ఆ 12 వోల్టులు 5 శాతం కంటే ఎక్కువ అటూ ఇటూ కాకూడదు. అంటే 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు. మాది కొలిస్తే ఖాళీగా ఉన్నప్పుడు 11.86 ఉంది. కార్డుకు పూర్తి పని పెట్టగానే 11.08కి పడిపోయింది. అసలు దొంగ దొరికాడు.

లేబుల్ చదవడం నేర్చుకోండి

మా ఎస్.ఎం.పి.ఎస్. మీద పెద్ద అక్షరాలతో "500 వాట్లు" అని ఉంది. అది చూసే ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాము. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల లైనుకు ఎదురుగా 18 ఆంపియర్లు అని ఉంది. పదో తరగతి ఫిజిక్స్ సూత్రమే ఇక్కడ చాలు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు.

12 × 18 = 216 వాట్లు.

కార్డు దగ్గరకు నిజంగా చేరగలిగే శక్తి అంతే. మిగిలినదంతా 5, 3.3 వోల్టుల లైన్లలో చూపిన లెక్క. ఇప్పుడు ఖర్చు చూద్దాం. ప్రాసెసర్ 65, ఫ్యాన్లు, డిస్కులు సుమారు 15, మొత్తం 80 వాట్లు.

మొదటి కార్డు జీటీఎక్స్ 960కి 120 వాట్లు. మొత్తం 200. పరిమితి అంచున బతికింది. పాతబడుతున్న ఎస్.ఎం.పి.ఎస్. ఐదు నెలలు మోసి అలిసిపోయింది.

రెండవ కార్డు ఆర్ఎక్స్ 580కి 185 వాట్లు. మొత్తం 265. పరిమితికి 49 వాట్లు ఎక్కువ. రెండు నెలల్లో కార్డే కాలిపోయింది.

మూడవ కార్డు జీటీఎక్స్ 1060కి 120 వాట్లు. మళ్లీ 200. కాని అప్పటికే ఎస్.ఎం.పి.ఎస్. దెబ్బతిని ఉంది. 19 రోజులకే తడబడింది.

మంచి ఎస్.ఎం.పి.ఎస్. బరువు మించితే తనంతట తాను ఆగిపోతుంది. ఆ రక్షణ లేనిది ఆగదు, వోల్టేజీ తగ్గిస్తూ లాక్కొస్తుంది. తగ్గితే నష్టమేమిటి అని అడగవచ్చు. పొలంలో లో-వోల్టేజీకి మోటరు కాలినట్లే ఇక్కడా జరుగుతుంది. కార్డు తన పనికి కావలసిన వాట్లను ఎలాగైనా లాగుతుంది. 185 వాట్లకు 12 వోల్టుల దగ్గర 15.4 ఆంపియర్లు సరిపోతాయి. 11 వోల్టులైతే 16.8 ఆంపియర్లు కావాలి. కరెంటు పెరిగితే తీగల్లో, పిన్నుల్లో పుట్టే వేడి దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇక దెబ్బతిన్న ఎస్.ఎం.పి.ఎస్. ఇచ్చే డీసీ నునుపుగా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది. ఆ అలలు కార్డు మీది కెపాసిటర్లను కాలుస్తాయి.

మాకు ఇంకొక సాక్ష్యం కూడా దొరికింది. ఆర్ఎక్స్ 580కి 8 పిన్నుల తీగ కావాలి. మా ఎస్.ఎం.పి.ఎస్.కు అది లేదు. బజారులో ఒక చవక కన్వర్టర్ తీగ కొని, హార్డ్ డిస్కుల కోసం ఉండే రెండు పాత పిన్నులకు తగిలించాము. దాన్ని తీసి చూస్తే తెల్లటి ప్లాస్టిక్ టీ రంగుకు మారి, ఒక పిన్ను దగ్గర కరిగి ఉంది. నియమం ప్రకారం మదర్‌బోర్డు స్లాటు నుంచి 75 వాట్లు, 6 పిన్నుల తీగ నుంచి 75, 8 పిన్నుల తీగ నుంచి 150 వాట్లు తీసుకోవచ్చు. కార్డు 8 పిన్నులు అడుగుతోందంటే "నాకు ఇంత శక్తి కావాలి" అని చెబుతోందన్నమాట. కన్వర్టర్ తీగ ఆ నోరు మూయిస్తుంది గాని శక్తిని పుట్టించదు.

ఐదవ మెట్టు – గోడ దగ్గర

నోటుబుక్కులో రాసిన "బోరు మోటరు" సంగతి మిగిలింది. వార్డెన్ గారు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. పగలు 226 వోల్టులున్న కరెంటు సాయంత్రం 198కి తగ్గుతోంది. మోటరు వేసిన క్షణంలో 171కి పడి మళ్లీ లేస్తోంది. మంచి ఎస్.ఎం.పి.ఎస్. లోపల దాచుకున్న శక్తితో సుమారు 16 మిల్లీ సెకన్ల పాటు కరెంటు లేకపోయినా నెట్టుకురాగలదు. అలిసిపోయినది ఆ చిన్న కుదుపునే తట్టుకోలేదు. తెర నల్లబడిన 17 సాయంత్రాల రహస్యం ఇదే.

తరువాత ఆయన ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిచారు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత ఉందో దాదాపు అంతే ఇక్కడా రావాలి. మీటరు సరైన రీడింగు చూపనే లేదు. బోర్డు విప్పి చూస్తే మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్తు తీగ దేనికీ కలపలేదు. కేబినెట్‌ను ముట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమనేది. "గేమింగ్ కంప్యూటర్ కదా, పవరు ఎక్కువ" అని నవ్వుకునేవాళ్లం. ఎస్.ఎం.పి.ఎస్. లోపల ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్తులోకి పోవాలి. ఎర్తు లేకపోతే అది ఇనుప డబ్బా మీదే నిలిచి ఉంటుంది. మానిటర్ తీగ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు దానివల్ల పోర్టులు కూడా దెబ్బతినవచ్చు.

ఎలక్ట్రీషియన్ అంతటితో ఆగలేదు. ఆ వరుసలోని మిగతా సాకెట్లు కూడా చూస్తానన్నారు. స్టడీ రూము పక్క వరండాలో మనం నీళ్లు పట్టుకునే స్టీలు వాటర్ కూలర్ ఉంది కదా. దానికీ ఎర్తు లేదు! వానాకాలంలో కుళాయి తిప్పితే చెయ్యి జిల్లుమంటోందని చిన్న పిల్లలు ఎన్నోసార్లు చెప్పారు. తడి కాళ్లతో, స్టీలు గ్లాసుతో, రోజుకు వందసార్లు. కంప్యూటర్ డబ్బా మీద జిల్లుమనేది చిన్న కరెంటు. కాని కూలర్ లోపల ఒక తీగ తొడుగు చిరిగి ఇనుముకు తగిలి ఉంటే, ఎర్తు లేనిచోట అది ప్రాణమే తీస్తుంది. ఆ క్షణాన మూడు కార్డుల సంగతి మాకు గుర్తు రాలేదు.

వార్డెన్ గారు ఆ సాయంత్రమే కూలర్ ప్లగ్గు తీయించారు. నాలుగు రోజుల్లో ఎర్తు గొయ్యి బాగుచేయించి, ఆ వరుస మొత్తానికి ఎర్తు తీగ లాగించి, కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే ఆర్.సి.సి.బి. పెట్టించారు. ఆ తరువాతే కూలర్ మళ్లీ వేశారు.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

ఇలాంటి చిక్కులు మనకే అనుకోకండి. మేడం గారు చెప్పిన కొన్ని ఉదాహరణలు చూడండి.

2007లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 గేమ్ యంత్రాలు ఎర్ర దీపాలు చూపి ఆగిపోవడం ఎక్కువైంది. కంపెనీ వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. 2008లో ఎన్విడియా తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల తయారీలో వాడిన పదార్థం బలహీనమైందని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. వేడెక్కి చల్లారడం పదేపదే జరిగితే అతుకులు పగులుతాయన్నది అక్కడి పాఠం.

2016లో ఏఎండీ కంపెనీ ఆర్ఎక్స్ 480 కార్డు స్లాటు నుంచి 75 వాట్ల కంటే ఎక్కువ లాగుతోందని పరీక్షల్లో తేలింది. కొద్ది రోజుల్లోనే డ్రైవర్ మార్చి సరిచేశారు. 2021లో "న్యూ వరల్డ్" అనే గేము పరీక్షా దశలో ఉండగా కొన్ని ఖరీదైన ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు చనిపోయాయి. అందరూ గేమును తిట్టారు. తమ కార్డుల్లో సుమారు రెండు డజన్ల వాటికి టంకం సరిగా పడలేదని ఈవీజీఏ కంపెనీ తరువాత చెప్పింది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కొత్త రకం పవర్ పిన్నులు కరిగాయి. చాలా కేసుల్లో పిన్ను పూర్తిగా లోపలికి దిగకపోవడమే కారణమని ఎన్విడియా తేల్చింది.

ఒక చోట అతుకు, ఒక చోట డ్రైవరు, ఒక చోట టంకం, ఒక చోట పిన్ను. బయటికి కనబడింది మాత్రం ఒక్కటే, "కార్డు పోయింది". అందుకే రోగ లక్షణం వేరు, రోగ కారణం వేరు అని పెద్దలంటారు.

చివరకు ఏం చేశాము?

2024 ఏప్రిల్‌లో 12 వోల్టుల లైనులో 45 ఆంపియర్లు ఇచ్చే 550 వాట్ల కొత్త ఎస్.ఎం.పి.ఎస్. వేశాము. 12 × 45 = 540 వాట్లు. మా ఖర్చు 200. ఇప్పుడది సగం బరువు కూడా మోయడం లేదు. వోల్టేజీ కుదుపులను సరిచేసే యూపీఎస్ పెట్టాము. యూపీఎస్ కొనేటప్పుడు కూడా "వీఏ" చూసి మోసపోకండి, పక్కన రాసిన వాట్లు చూడండి. జీటీఎక్స్ 1060 మళ్లీ బిగించాము. పూర్తి పనిలో 12 వోల్టుల లైను 12.02 చూపించింది. ఈ వ్యాసం రాసేనాటికి పది నెలలైంది. తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు. "కాలిపోయిన" 960ని జూనియర్లకు విప్పి చూపడానికి ఉంచాము.

గుర్తుంచుకోవలసినవి

1. చెడిన ప్రతిసారీ తేదీ, సమయం, అప్పటి పని రాసి పెట్టండి. జ్ఞాపకం మోసం చేస్తుంది, నోటుబుక్కు చేయదు.

2. కార్డు పోయిందని ఎవరన్నా, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూసే వరకు నమ్మవద్దు.

3. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

4. కొత్త కార్డు కొనేముందు దాని వాట్లు, మీ ఎస్.ఎం.పి.ఎస్. 12 వోల్టుల ఆంపియర్లు పోల్చండి. కనీసం మూడో వంతు మిగులు ఉండాలి.

5. రెండు నెలలకోసారి దుమ్ము దులపండి. గాలి తగిలే చోట పెట్టండి.

6. కార్డును ఓవెన్‌లో, హీట్ గన్‌తో వేడి చేస్తే బతుకుతుందన్న చిట్కాలు నమ్మవద్దు. నాలుగు రోజులు పనిచేసినట్టు కనిపించినా అది మరమ్మతు కాదు. విషపు పొగలు కూడా వస్తాయి.

7. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

8. ఏ ఇనుప వస్తువు ముట్టుకున్నా జిల్లుమంటే అది నవ్వుకునే విషయం కాదు. వెంటనే పెద్దలకు చెప్పండి.

ఒక మాట

ఏప్రిల్ చివర ఆదివారం జనరల్ బాడీ మీటింగులో మేము లేచి, అందరి ముందు ఆ తమ్ముడికి క్షమాపణ చెప్పాము. నోటుబుక్కు లెక్కలను బోర్డు మీద రాసి చూపాము. మెస్సులో వంద రూపాయలు అడిగినవాళ్లు కూడా లేచి చేతులు జోడించారు. అతను ఏమీ మాట్లాడలేదు. మరునాడు మాత్రం స్టడీ రూముకు వచ్చి, రాత్రి పదకొండు దాకా కూర్చున్నాడు. అర్జీ వెనక్కి తీసుకున్నాడు. ఈ సంచిక అట్ట మీది బొమ్మ అతను బ్లెండర్‌లో చేసినదే.

యంత్రం చెడితే మనిషిని అనడం తేలిక, కారణం వెతకడం కష్టం. చదువుకుంటున్న మనం ఆ కష్టమైన దారినే పట్టాలి. 

కంప్యూటర్ కమిటీలో చేరదలచిన జూనియర్లు ఆదివారం ఉదయం టిఫిన్ తరువాత స్టడీ రూముకు రండి. స్క్రూడ్రైవర్లు మేము ఇస్తాము. నోటుబుక్కు మాత్రం మీరే తెచ్చుకోండి.